కింది సగం బోర్డు

మేడం పోయారని ఫోనులో వినగానే నేను చేసిన మొదటి పని ఏడవటం కాదు. వంటింట్లోకి వెళ్లి గ్యాస్ కట్టేశానో లేదో చూశాను. కట్టేసే ఉంది. వచ్చి కుర్చీలో కూచుని, మళ్లీ లేచి వెళ్లి చూశాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఈ జబ్బు నాకు ఆవిడ దగ్గరే అంటుకుంది. ఎనభైల మొదట్లో నరసరావుపేటలో టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు మాకు సైకాలజీ చెప్పేవారు. ఆవిడకొక పేరుంది గానీ మేమెవరం ఆ పేరుతో తలుచుకోలేదు. మేడం అంటే మాకు ఆవిడొక్కరే. మా తర్వాత చదివినవాళ్లు మాత్రం చాటుగా 'కింది సగం మేడం' అనేవాళ్లట. ఆవిడ బోర్డు మీద కింది సగంలోనే రాసేవారు. పై సగం ఏడాది పొడుగునా ఖాళీగా ఉండేది. పొట్టి మనిషి గదా, అందదు పాపం అనుకునేవాళ్లు. పొట్టి అన్న మాట నిజమే. అందకపోవటానికి కారణం మాత్రం అది కాదు. ఆ కారణం తెలిసిన కొద్దిమందిలో నేనొకదాన్ని. తెలిసీ ఇన్నేళ్లూ అందులో నా వాటా ఎంతో చెప్పకుండా నోరు మూసుకున్నదాన్ని కూడా.

మేం చేరిన కొత్తలో ఆవిడ బోర్డంతా నింపేవారు. పై అంచు అందకపోతే మునివేళ్ల మీద లేచి మరీ రాసేవారు. మొదటి రోజు క్లాసులోకి వచ్చి, గొడుగు కుర్చీకి తగిలించి, మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"నేను ఇంటి తాళం వేశానా, లేదా?"

మేం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకుని కిసుక్కున నవ్వాం.

"నవ్వమాకండి. వేశానని నాకు తెలుసు. మూడుసార్లు లాగి చూశాను. అయినా వీధి మలుపు తిరిగేసరికి లోపల్నించి ఒకడు అడుగుతాడు, వేశావా అని. వాడి పేరు ఆందోళన. ఈ ఏడాదంతా మనం వాడి గురించీ, వాడి చుట్టపక్కాల గురించీ చదువుకుంటాం."

మా పుస్తకంలో మాటలు నోరు తిరగనివి. ఉద్దీపన, ప్రతిస్పందన, పునర్బలనం. ఆవిడ వాటిని వీధిలోకి తీసుకొచ్చి పడేసేవారు. "పునర్బలనం అంటే కొసరమ్మా. కొట్టతను తూకం అయ్యాక చిటికెడు బెల్లం అదనంగా వేస్తాడు చూడు. మళ్లీ అతని కొట్టుకే ఎందుకు పోతావు? ఎదురుగా రెండు కొట్లున్నా?" నిబంధనం అనే పాఠానికి ఆవిడ కోళ్లని పట్టుకొచ్చారు. చేట చప్పుడైతే కోళ్లు పరిగెత్తుకొస్తాయి, చేటలో నూకలు లేకపోయినా వస్తాయి, అంతే పాఠం. "పుస్తకంలో కుక్క సంగతి ఉంది, అది మీరే చదువుకోండి. పరీక్షలో కోడి అని రాస్తే మార్కులు పడవు." పాము కరిచినవాడు తాడుని చూసినా ఉలిక్కిపడతాడని మన ముసలమ్మలు ఎప్పుడో చెప్పారు, పుస్తకం రాసినాయన దానికి సామాన్యీకరణం అని పెద్ద పేరు పెట్టాడు, అనేవారు.

మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లినా బస్సులో తలలు లెక్కపెట్టేవారు. లెక్క సరిపోతే మళ్లీ పెట్టేవారు. "సరిపోయింది గదా మేడం" అంటే, "అదే నా అనుమానం" అనేవారు. ప్రాక్టీసు పాఠాలు చెప్పటానికి మమ్మల్ని ఊళ్ల మీదికి పంపే ముందు రోజు, "ఎవరెవరికి భయంగా ఉంది? చేతులెత్తండి" అని, ముందు తన చెయ్యే ఎత్తారు. కుడి చెయ్యి, నిటారుగా, చెవికి తాకేట్టు. ఆ చెయ్యి అంత పైకి లేవటం నేను కళ్లారా చూశాను కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

ఆవిడకి ఒక గట్టి నమ్మకం ఉండేది. భయం పుట్టుకతో రాదు, నేర్చుకుంటాం, నేర్చుకున్నదాన్ని మరిపించొచ్చు అని. తన తాళం భయాన్ని తానే మరిపించుకోలేని మనిషి ఆ మాట అంత గట్టిగా ఎందుకనేవారో అప్పుడు నాకు తెలియలేదు. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి విషయంలోనైనా అది నిజమైతే చూడాలని ఆవిడ ఆశ అనుకుంటాను.

ఆ అవకాశం నేనే తెచ్చిచ్చాను.

నన్ను పంపింది నడికుడి అవతల ఒక సున్నపురాయి క్వారీ పక్కనున్న పల్లెకి. ఒకే గది, ఒక వరండా, అయిదు తరగతులు, ఒక హెడ్మాస్టరు. పిల్లలందరూ క్వారీలో రాళ్లు కొట్టేవాళ్ల పిల్లలే. నేను వెళ్లేముందు వారమే బడికి కొత్తగా గంట వచ్చింది. గంటంటే గంట కాదు, రైలు పట్టా ముక్క. అప్పట్లో ఆ వైపు కొత్త రైలు లైను పనులు జరుగుతుండేవి, పట్టా ముక్కలకి కొదవ లేదు. క్వారీలో బండలు పగలగొట్టే తూటాలు పేల్చేముందు అందర్నీ హెచ్చరించటానికి ఒక పట్టా ముక్కని కొయ్యకి వేలాడదీసి సుత్తితో కొట్టేవాళ్లు. ఇన్స్పెక్షను వస్తోందని హెడ్మాస్టరు బెంగపడుతుంటే, క్వారీ మేస్త్రీ జాలిపడి, ఆ పట్టాలోంచే ఇంకో ముక్క కోయించి బడికి దానమిచ్చాడు. మంచి మనసుతోనే ఇచ్చాడు.

మొదటి రోజు నేను వరండాలో ఉండగా హెడ్మాస్టరు గారు దాన్ని ఖంగుమనిపించారు. ఒకటో తరగతి పిల్లలు ఒక్కసారిగా గోడవారకి పోయి, మోకాళ్ల మధ్య తలలు దూర్చి, చెవులు మూసుకుని ముడుచుకున్నారు. ఒక పిల్ల కింద నేల తడిసింది. ఆ పిల్ల పేరు అంకమ్మ. అందరూ అంకి అనేవాళ్లు. ఆరేళ్లుంటాయి.

"బడి గంటకి భయమేందే? లెగండి!" అని హెడ్మాస్టరు గారు బెత్తం తీశారు. మర్నాటికి ఒకటో తరగతిలో సగం మంది రాలేదు. ఆ మర్నాడు ఇంకొంతమంది రాలేదు. తల్లులు వచ్చి, "మా పిల్ల నిద్దట్లో గూడా ఉలిక్కిపడతంది పంతులమ్మా, బడీ వద్దు ఏమీ వద్దు" అని చెప్పిపోయారు.

తనిఖీకి వచ్చిన మేడం సంగతి విని నా పాఠం చూడటం మానేశారు. గంట కొట్టించి, పిల్లలతో పాటు తానూ గోడవారన ముడుచుకుని కూచున్నారు. ఆ దృశ్యానికి హెడ్మాస్టరు గారు ఏమీ పాలుపోక కళ్లజోడు తుడుచుకున్నారు. మేడం మోకాళ్ల మీద నుంచి తల తిప్పి, పక్కనున్న అంకిని రహస్యంగా అడిగారు:

"ఏందమ్మా, ఏమైద్ది?"

"రాళ్లు పడతయ్," అంది అంకి, అంతకన్నా రహస్యంగా.

మేడం లేచేసరికి ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. పుస్తకంలో ఉన్నది పుస్తకంలో ఉన్నట్టే, పలక పట్టుకుని కనబడింది మరి. నన్ను పక్కకి పిలిచి, "ఇదే నీ రికార్డు. ఇక వేరే కేసు వెతుక్కోమాక" అన్నారు.

మర్నాటి నుంచి మొదలుపెట్టాం. సుత్తికి గుడ్డ చుట్టి, మెల్లగా ఒక్క దెబ్బ. వెంటనే ఒక్కొక్కళ్ల చేతిలో బెల్లం ముక్క, నాలుగు వేరుశనగ గింజలు. రోజుకి కొంచెం గట్టిగా. తర్వాత గుడ్డ తీసేసి కొట్టాం. అదృష్టం కొద్దీ, అప్పుడు అదృష్టమనే అనుకున్నాను, వానలకి క్వారీ గుంటలో నీళ్లు నిండి తూటాలు ఆగిపోయాయి. ఆ మూడు వారాలూ రైలు పట్టా మోగితే రాళ్లు పడలేదు, బెల్లమే పడింది. మూడో వారానికి గంట మోగగానే పిల్లలు చేతులు చాచుకుని గంట దగ్గరికే పరుగెత్తుకొచ్చేవాళ్లు. అందరికన్నా ముందు అంకి. పెద్ద అట్ట మీద నేను గీత గీశాను, ఎంతమంది ముడుచుకుంటున్నారో. మెట్లు దిగినట్టు దిగి దిగి, సున్నా. ఆ గీత చూసుకుని నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. మానిన పిల్లలందరూ బడికొచ్చారు. బెత్తం తీసిన చేత్తోనే హెడ్మాస్టరు గారు నాకు దణ్ణం పెట్టారు.

ఆ గురువారం సాయంత్రం వరండాలో కూచుని అట్ట మీద చివరి గడికి రంగు వేస్తున్నాను. మేస్త్రీ దారిన పోతూ ఆగాడు.

"పంతులమ్మ గారూ, నీళ్లు తోడేశాం. శనివారం నుంచి తూటాలు మొదలు. పిల్లకాయల్ని జాగర్త."

"సరే మేస్త్రీ" అన్నాను, తలెత్తకుండానే. రంగు గీత దాటుతుందేమోనని నా ప్రాణమంతా కుంచె మీద ఉంది.

అవధానం అనే పాఠంలో మేడం చెప్పారు, మనసు ఒకదాని మీద దీపం వేస్తే పక్కదాని మీద చీకటి పడుతుందని. పరీక్షలో ఆ ప్రశ్నకి నాకు పూర్తి మార్కులొచ్చాయి.

శనివారం తెల్లవారుజామున మొదటి బస్సెక్కి, అట్టని చీరకొంగుతో కప్పుకుని కాలేజీకి వచ్చాను. మేడం దాన్ని బోర్డు పక్కన వేలాడదీయించి, క్లాసంతటికీ చెప్పటం మొదలుపెట్టారు. అంత ఉత్సాహంగా ఆవిడ్ని అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. చెబుతూ చెబుతూ బోర్డు పైన, మునివేళ్ల మీద లేచి, పాఠం పేరు రాస్తున్నారు. విరమణ అని, అంటే నేర్చుకున్నది చెరిగిపోవటం. రాస్తూనే, తలతిప్పకుండా, మాటవరసకి నన్ను అడిగారు:

"క్వారీ నీళ్లు తోడతన్నారా? మళ్లీ ఎప్పుడు తెరుస్తారంట?"

"ఇవాళే మేడం. మధ్యాహ్నం తూటాలు పేలుస్తారంట."

సుద్దముక్క ఆగిపోయింది. 'విర' దగ్గర ఆగింది. ఆవిడ మునివేళ్ల మీద నుంచి మెల్లగా కిందికి దిగారు. క్లాసులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకూ కాలేదు, ఆవిడ మొహం చూసేదాకా.

"శనివారం ఒంటిపూట బడి," అన్నారు ఎవరితోనో. "పన్నెండింటికి వదిలేస్తారు. పిల్లలు తల్లులకి అన్నం తీసుకుని క్వారీకి పోతారు." గోడ గడియారం వైపు చూశారు. పదవుతోంది. "అక్కడ పన్నెండున్నరకి రైలు పట్టా కొడతారు."

అప్పటికి నాకు తెలిసొచ్చింది. రెండూ ఒకే పట్టా. రెండూ ఒకే మోత. ఆ మోత వింటే ఎటు పరిగెత్తాలో పిల్లలకి మేమే నేర్పాం.

ప్రిన్సిపాలు గది ఫోను నుంచి నడికుడి స్టేషనుకి కాల్ అడిగితే లైను దొరకటానికి రెండు గంటలు పడుతుందన్నారు. మేడం రిసీవరు పెట్టేసి బస్టాండు వైపు నడక మొదలుపెట్టారు. గొడుగు కుర్చీకే ఉండిపోయింది. ఆవిడ గది తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం చెవి బల్ల మీదే ఉంది. ఆ ఒక్క రోజు ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

ఎర్రబస్సు పదింపావుకి కదిలింది. ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ పూర్తికాలేదు. ప్రతి స్టేజీలో ఆగింది. ఒకచోట మిరప బస్తాలు పైకెక్కించారు, ఒకదాని తర్వాత ఒకటి, తాపీగా. మేడం ముందు సీటు కమ్మీ పట్టుకుని కూచున్నారు. సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది, చెమటకి కరిగి వేళ్ల సందుల్లోంచి తెల్లగా కారుతోంది. పిడుగురాళ్ల దాటాక రైలు గేటు పడింది. గూడ్సు రావాలి. రావట్లేదు. ఆవిడ దిగి గేటు దాకా వెళ్లి, అటూ ఇటూ చూసి, మళ్లీ ఎక్కారు. "ఏందమ్మా, పురుడా?" అన్నాడు కండక్టరు. ఆవిడ వినిపించుకోలేదు. నా పక్కన కూచుని, పట్టాల వైపే చూస్తూ అడిగారు:

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇవాళ పొద్దున్నే మేడం," అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "బస్సులో ఎవరో అనుకుంటంటే విన్నా" అని కూడా అన్నాను. అబద్ధానికి కాళ్లుండవంటారు గానీ, నేను దానికి చెప్పులు కూడా తొడిగాను.

గూడ్సు పెట్టెలు పోతూనే ఉన్నాయి.

దిగేసరికి పన్నెండున్నర కావస్తోంది. రోడ్డు మీద నుంచి క్వారీ మైలు దూరం. సగం దూరంలో ఉండగా మొదటి గంట వినబడింది. మూడు గంటలు కొడతారు. మొదటిది పనులాపటానికి, రెండోది దాక్కోవటానికి, మూడోది వత్తి ముట్టించేముందు. మేడం చెప్పులు వదిలేసి పరిగెత్తారు. యాభైకి దగ్గరపడుతున్న మనిషి, లావుపాటి చీర, ఎర్రటి ఎండ. నేను పాతికేళ్లు నిండనిదాన్ని, వెనకబడ్డాను.

కూలీలు గట్టు వెనక్కీ లారీల చాటుకీ పోతున్నారు. బాట మీద అంకి కనబడింది, చేతిలో గుడ్డ కట్టిన సత్తు గిన్నె. రెండో గంట మోగింది. ఆ పిల్ల ఆగింది. గిన్నెని ఒలక్కుండా జాగ్రత్తగా రాతి మీద పెట్టింది. చేతులు చాచుకుని, నవ్వుకుంటూ, గంట వైపు పరుగు తీసింది. అవతల గట్టు మీద ఎర్రజెండా పట్టుకున్నవాడు "ఒసేయ్! ఒసేయ్, ఎనక్కి పో!" అని అరుస్తున్నాడు. అరుపులకి అది నవ్వుతోంది. గంట కొట్టేవాడికి ఇదేదీ కనబడలేదేమో, మూడో గంటా మోగింది.

అప్పుడు నేనేం చేశానో చెప్పాలి. బాట పక్క కాలవలో బోర్లా పడి చెవులు మూసుకున్నాను. ఆ పిల్ల చెయ్యాల్సిన పని నేను చేశాను.

మేడం పిల్లని ఎడంచేత్తో నడుం దగ్గర పట్టి, రాళ్లు నింపుకుని ఆగున్న లారీ కిందికి తోశారు. తను కూడా దూరబోతుండగా నేల అదిరింది. తర్వాత రాళ్ల వాన. లారీ మీదా, నేల మీదా, నా వీపు పక్కనా. అది ఆగాక లేచి చూస్తే ఆవిడ సగం శరీరం లారీ కింద, కుడిభుజం బయట. భుజం దగ్గర రవిక ఎర్రగా తడిసి ఉంది. లారీ కిందనుంచి అంకి గొంతు వినబడింది:

"టీచర్, బెల్లమేదీ?"

మేస్త్రీ తువ్వాలు చించి కట్టు కట్టాడు. "నా జల్మలో చూళ్లేదమ్మా, గంట కొడితే ఎదురొచ్చే పిల్లని" అన్నాడు. నేను నీళ్లకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి అతను ఆవిడతో ఏదో చెబుతున్నవాడల్లా నన్ను చూసి ఆగిపోయాడు. ఆసుపత్రికి పోతూ లారీలో, నొప్పికి పళ్లు బిగపట్టుకుని, మేడం నన్ను మళ్లీ అడిగారు.

"నీకు ఇవాళే తెలిసింది గదా?"

"అవును మేడం."

ఆవిడ తలూపారు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత జరిగింది నాకు తూటా కన్నా ఎక్కువ గుర్తుంది. చెయ్యి మెడకి కట్టుకుని ఆవిడ ఆరు శనివారాలు ఆ పల్లెకి వచ్చారు. బడికి ఇత్తడి చేతిగంట కొనిచ్చారు. ఇత్తడి గంట మోగితే బెల్లం. రైలు పట్టా మోగితే పిల్లలు లారీల కింద దూరి పడుకోవాలి. ఊరికే చెబితే పిల్లలు వింటారా? అందుకని రైలు పట్టా కొట్టించి, లారీ పక్కనున్న రేకు మీద మేస్త్రీ చేత రాళ్లు గుమ్మరింపించేవారు, పెద్ద చప్పుడొచ్చేట్టు. పిల్లలు మళ్లీ ఏడ్చారు. అంకి మళ్లీ గుడ్డలు తడుపుకుంది. మేడం దూరంగా నిలబడి, "ఇంకోసారి" అనేవారు. "ఇంకోసారి." మరిపించిన చేత్తోనే మళ్లీ నేర్పారు. ఇత్తడి గంటకి రావాలి, రైలు పట్టాకి పారిపోవాలి అని ఆ పిల్లలకి తేడా తెలిసేదాకా వదల్లేదు. దాన్ని పుస్తకంలో విచక్షణ అంటారు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఆవిడ కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చేవారు. నేను పక్కన కూచునేదాన్ని. గురువారం అనే మాట నాలుక చివరిదాకా వచ్చేది. మింగేదాన్ని.

చెయ్యి బాగయింది గానీ భుజం దాటి లేవలేదు. 'విర' అన్న రెండక్షరాలే ఆవిడ బోర్డు పై సగంలో రాసిన చివరివి. పాఠం కూడా మారింది. భయాన్ని మరిపించొచ్చు అనటం మానేశారు. "భయం కాపలా కుక్కమ్మా. మొరిగితే కర్ర తీసుకోమాకండి. ముందు వాకిట్లోకి పోయి ఎవరొచ్చారో చూడండి" అనేవారట. ఇది నా తర్వాతి బ్యాచ్‌లవాళ్లు చెప్పారు. చేతులెత్తమనేటప్పుడు మాత్రం తన చెయ్యే ముందు ఎత్తేవారట, ఎడంచెయ్యి.

నా రికార్డుకి మంచి మార్కులే వేశారు. చివరి పేజీలో ఎర్రసిరాతో ఒక్క ముక్క రాశారు: 'ఇంకా రాయవలసింది ఉంది'. ఎడంచేతి రాత, వంకర టింకరగా. నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ముప్పై అయిదేళ్లు పాఠాలు చెప్పాను, రిటైరయ్యాను. ప్రతి కొత్త సంవత్సరానికీ ఆవిడకి ఉత్తరం రాశాను. ప్రతి ఉత్తరంలోనూ ఆరోగ్యం అడిగాను, పిల్లల చదువులు చెప్పాను, వానల గురించి కూడా రాశాను.

మొన్న ఫోను చేసి మేడం పోయారని చెప్పింది అంకమ్మే. మాచర్లలో నర్సు. మేడమే చదివించారు. చివరి రోజుల్లో సెలవు దొరికినప్పుడల్లా వచ్చి చూసుకునేది.

సమాధుల తోట నుంచి అందరూ వెళ్లిపోయాక అంకమ్మా నేనూ మేడం ఇంటికి వచ్చాం. సర్దటం అయ్యాక తను తాళం వేసింది. ఒకసారి లాగింది. రెండోసారి, మూడోసారి లాగింది. నేను అరుగు మీద కూచున్నాను. ఇక ఈ ఇంటికి వచ్చే పని లేదు, చెప్పాల్సిన మనిషి లేదు. ఉన్నది ఈ పిల్ల ఒక్కటే. అసలు చెప్పాల్సింది మొదటి నుంచీ ఈ పిల్లకే కదా అని అప్పుడు తట్టింది. కొంగు చివర ముడి వేస్తూ, విప్పుతూ మొదలుపెట్టాను.

"అంకమ్మా, ఆ తూటాల సంగతి నాకు గురువారమే తెలుసు. మేస్త్రీ చెప్పాడు. నేను ఎవరికీ చెప్పలేదు. మేడం అడిగితే రెండుసార్లు అబద్ధమాడాను."

అంకమ్మ తాళం చెవి సంచీలో వేసుకుని నా పక్కన కూచుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"తెలుసు టీచర్," అంది. "మేస్త్రీ ఆ రోజే ఆమెకి చెప్పాడంట. నేను నర్సు ట్రైనింగుకి పోయేటప్పుడు మేడం నాకు చెప్పింది."

"మరి నన్ను ఎప్పుడూ అడగలేదే!"

"మీరే చెబుతారని చూసింది. మీ ఉత్తరం వస్తే ముందు చివరి పేజీ తిప్పి చూసేది." అంకమ్మ చేతిసంచీలో వెతికి చిన్న కాగితం పొట్లం తీసింది. "పోయిన నెల్లో గూడా అంది. 'ఆమె ఎప్పుడో ఒకప్పుడు చెబుద్ది అంకీ. చెప్పేటప్పుడు చానా భయపడుద్ది. నువ్వేమీ అనమాక. వెంటనే చేతిలో ఇది పెట్టు, ఆలస్యం చెయ్యమాక. లేకపోతే ఇంకోసారి నిజం చెప్పాల్సొచ్చినప్పుడు మళ్లీ భయపడుద్ది' అని."

పొట్లంలో బెల్లం ముక్క ఉంది.

"పాతది కాదులే టీచర్, పొద్దున కొన్నదే," అంది అంకమ్మ.

నేను చెయ్యి చాచాను.